రాజీ ముసుగు

"మీ ఇంటి ముందు మంచు ఎత్తేశారా?" అంది ఫోన్‌లో గొంతు.

"పార విరిగింది," అంది గ్రీటా హోల్కం.

కోడ్ సరిపోయింది. కాసేపటికి ఆమె వాషింగ్టన్‌లో ఒక లాండ్రీ వెనకగదిలో తన గూఢచారి విభాగం చీఫ్ ఆర్డెన్ ఎదుట కూర్చుంది.

"క్రాబ్ ఫోర్క్ అని కొండ కింద ఊరు. పైన గనివాళ్ళ విషపు చెరువు బావుల్లోకి ఊరుతోంది. గని వెనక విదేశీ ముఠా ఉంది. చెరువు మూయించలేదని ప్రభుత్వం మీద నదీ రక్షణ సంఘం కేసు వేసింది."

"మంచిదేగా బాస్?"

"ఆ సంఘమూ ముఠాదే! ప్రభుత్వ లాయరు పెల్‌ని కొనేశారు. చెరువు అలాగే ఉండొచ్చని ఇద్దరూ రాజీ పడతారు. జడ్జి సంతకం పెడితే అది కోర్టు ఉత్తర్వు. ఇక చెరువు జోలికి ఎవరూ పోలేరు."

దొంగలూ దొంగలూ కలిసి ఊళ్ళు పంచుకున్నారని పెద్దలు ఊరికే అన్నారా! వీళ్ళు టైలు కట్టుకుని మరీ పంచుకుంటున్నారు. ఛీ! అనుకుంది గ్రీటా.

"రాజీకి ముందు నష్టపోయేవాళ్ళ మాట వినాలని కాంగ్రెస్ సభలో బిల్లు ఉందిగా?"

"అది పాసవుతుందనే వాళ్ళ తొందర. సంతకం శుక్రవారమట. బిల్లు తెచ్చిన సభ్యుడి ఆఫీసులో పనిచేసే మన ఏజెంట్ సెలెస్ట్ చెప్పింది. రేపే కోర్టుకెళ్ళి లాయర్ల బల్ల కింద మైకు పెట్టు."

మర్నాడు నెరిసిన విగ్గుతో, కోర్టు స్టెనో వేషంలో గ్రీటా తన మిషన్ ముందు కూర్చుంది. ఆ మిషన్ అడుగున ఒక మీట ఉంది. అది నొక్కితే బయట కారులో ఉన్న తమ మనుషులకి కబురు వెళుతుంది.

మైకు ఇంకా చేతిలోనే ఉంది. జడ్జి బెక్స్‌లీ వచ్చి కలం మూత తీశాడు. సంతకం ఇవాళే!

ఆకుపచ్చ కోటులో మెరిసిపోతూ సెలెస్ట్ పక్కనుంచి వంగింది. "విగ్గు నప్పలేదే గ్రీటా. శుక్రవారం అన్నానా? నోరు జారింది, డార్లింగ్."

"ఆ నీళ్ళు పిల్లలు తాగుతున్నారే!"

"నేను తాగడం లేదుగా."

వెనక బెంచీలో క్రాబ్ ఫోర్క్ నుంచి వచ్చిన లొరీన్ టాకెట్ లేచింది. "అయ్యా, మా మనవలకి ఒళ్ళంతా పుళ్ళు..."

"ఈ కేసులో మీరు పార్టీ కాదమ్మా. కూర్చోండి." జడ్జి సంఘం లాయరు వైపు తిరిగాడు. "స్ట్రౌడ్, మీ సభ్యుల్లో ఆ ఊరివాళ్ళున్నారా?"

స్ట్రౌడ్ నీళ్ళు నమిలాడు. రెండు వైపుల కాగితాలూ తనే రాసుకున్న పెల్‌కి నాలుక ఆగలేదు.

"చాలామంది ఉన్నారు యువర్ ఆనర్. అందరూ ఒప్పుకున్నారు."

కలం కాగితం మీదికి దిగింది.

కోర్టులో జడ్జికి అడ్డుపడగలిగేది స్టెనో ఒక్కతే. ఎవరేమన్నారో తేలకపోతే ఆపి అడగడం ఆమె పని. గ్రీటా చెయ్యెత్తింది.

"క్షమించాలి యువర్ ఆనర్. ప్రశ్న స్ట్రౌడ్ గారికి, జవాబు పెల్ గారిది. రికార్డులో ఎవరి పేరు రాయమంటారు?"

కలం ఆగింది.

"అవును పెల్," అన్నాడు జడ్జి మెల్లగా. "నీ మీద కేసు వేసినవాళ్ళ ఇంటి సంగతులు నీకెలా తెలుసయ్యా?"

పెల్ మొహం సున్నం కొట్టినట్టయింది. సెలెస్ట్ గుమ్మం వైపు నడిచింది. గ్రీటా మీట నొక్కింది. గుమ్మంలో ఇద్దరు మనుషులు సెలెస్ట్‌కి చెరో చెయ్యీ అందించారు, సంకెళ్ళతో సహా.

జడ్జి ఆ కాగితాన్ని చచ్చిన ఎలకలా చివరపట్టి పక్కకి జరిపాడు. "టాకెట్ గారూ, ఇలా ముందుకొచ్చి చెప్పండమ్మా. సంతకం లేదు ఏం లేదు."

సాయంత్రం గ్రీటా చీఫ్‌కి ఫోన్ చేసింది. "చెరువు కేసు మళ్ళీ మొదటికొచ్చింది బాస్. ఇక ఊరివాళ్ళే వాదులు. బిల్లు సంగతేంటి?"

"ప్రజల మాట వినాలన్న బిల్లు కదా," అన్నాడు ఆర్డెన్. "తలుపులేసుకుని చర్చిస్తున్నారు. ప్రజలకి ప్రవేశం లేదు."