నూకరత్నం గొంతు, ఇరవై సెకన్లు

ఏడు నలభై ఒకటికి పాలకేంద్రం సూరమ్మ ఫిర్యాదు గుర్నాథం తెర మీదికి వచ్చింది. 'ఈరోజూ కుళాయి రాలేదు. అడిగేవాడు లేడు.' రెండో వాక్యాన్ని పూరణి యంత్రం ఎర్రగా చూపించింది. నెమరుగోడ మీద చనిపోయినవాళ్లు ఎవరినీ నిందించకూడదు. గుర్నాథం ఆ వాక్యం కోసేసి, ముద్ర వేసి, వదిలాడు. సూరమ్మ చచ్చి పద్దెనిమిదేళ్లు. రెండు సెకన్లలో ఆమె పేరు కింద నాలుగు వేల దీపాలు వెలిగాయి.

సింగరేవు మీద బాంబులు పడిన తారీఖున, ఏడాదికొక్కసారి, ఆ రోజు పోయిన రెండువేల మూడువందల పదహారు మంది ఖాతాలు తెరుచుకుంటాయి. ఆ ఉదయం వాళ్లు ఏ నిమిషానికి ఏం రాశారో, ఏం మాట్లాడారో, అదే నిమిషానికి గోడ మీదికి మళ్లీ వస్తుంది. పెళ్లి ఫొటోలు, పరీక్షల బెంగ, ఉల్లిపాయల ధర. తొమ్మిది ఇరవై ఆరుకు అన్నీ ఒక్కసారే ఆగిపోతాయి. దేశమంతా తెరల ముందు కూర్చునేది ఆ ఆగిపోవడం చూడటానికే.

కిటికీ బయట రేవు మీద కాపలా గద్దలు, రెక్కల యంత్రాలు, గుండ్రంగా తిరుగుతున్నాయి. యుద్ధం ముగిసిందని ఎవరూ ప్రకటించలేదు. వదంతుల చట్టాన్నీ ఎవరూ ఎత్తెయ్యలేదు.

"టీ తాగీ గురన్నా, సల్లారిపోతంది" అంది పక్క బల్ల అప్పలకొండ. "ఆలెక్కడికీ పోరు. పోతే మనవే పోవాల."

అప్పలకొండకీ అతనికీ ఈ గది పాతదే. ఆ రోజుల్లో దీని పేరు వదంతి బల్ల. పదకొండు మంది ఉండేవాళ్లు. యుద్ధకాలంలో జనం పంచుకునే ప్రతి మాటా ఇక్కడి నుంచే పోవాలి. యంత్రానికి అర్థం కానివి మనుషుల ముందుకొస్తే, ఉంచడమో తుడవడమో నలభై సెకన్లలో తేల్చేవాళ్లు. ఇప్పుడు మిగిలింది ఇద్దరు. బయట బోర్డు మారింది. కుర్చీలు మారలేదు.

రాజధాని నుంచి వచ్చిన అధికారి హైమవతి తలుపు దగ్గర నిలబడింది. "తొమ్మిదింటికి ప్రత్యుత్తరాలు తెరుస్తున్నాం. బంధువులు అడిగినదానికి పోయినవాళ్లు జవాబు చెబుతారు. మొట్టమొదటిసారి. మన పేరు పైవరకూ వెళ్తుంది. ఎక్కడా తేడా రాకూడదు గుర్నాథం గారూ."

"రాదు మేడమ్."

"మీ రేవు యాస పూరణికి ఎంత బాగా పట్టుబడిందో! నిన్న ఒక జాలరి ముసలాయన గొంతు విని ఏడుపొచ్చేసింది నాకు."

గుర్నాథం తల ఊపాడు. ఆ యాస యంత్రానికి ఎలా పట్టుబడిందో ఆమెకు తెలియదు.

ఎనిమిది ఇరవైకి ఫోన్ మోగింది. కాసులమ్మ. అతని భార్య నూకరత్నానికి చెల్లెలు. జాలరిపేటలో మళ్లీ కట్టిన ఇళ్లలో ఉంటుంది.

"బావా, ఈయేడు అప్ప మాటాడతాదంట గదా?"

"మిసను మాటాడతాది."

"ఏదైతేనేటి, గొంతు అప్పదే గదా. నిన్ననే పేరు రాయించీసినాను. నానొక్కటే అడుగుతాను."

"ఏటడుగుతావు?"

"ఈధిలో అందరికన్నా ముందు కాకిలాగ లెగిసీది అప్పే. మరా దినం ఇంట్లోంచి ఎందుకు రానేదని. నాను సంతకెల్లిపోనాను గానీ, ఉంటే జుట్టట్టుకు లాగీసీదాన్ని. ఏటేటా గోడ మీదొత్తాది గదా, పులుసెట్టినానని. పులుసు కోసరం ఉండిపోనాదా బావా? అడ్డెడు పులుసు కోసరం?"

"పనిలో ఉన్నాను" అని ఫోన్ పెట్టేశాడు.

ఆ పులుసు నూకరత్నం పెట్టలేదు. గోడ మీద ప్రతి ఖాతాకూ ఆ ఉదయానిది ఒక్క మాటైనా ఉండాలి. నూకరత్నం ఖాతా ఖాళీగా కనిపించింది కాబట్టి మొదటి ఏడే పూరణి ఒకటి తయారుచేసింది. 'చేపల పులుసు పొయ్యి మీద పెట్టాను. ఆయన సాయంత్రానికి వస్తారు.' కుటుంబం ఒప్పుకోవాలి. భర్త అన్న గడిలో గుర్నాథం వేలు పెట్టాడు. ఏడాదికొకసారి పెడుతూనే ఉన్నాడు.

ఎనిమిది ముప్పై నాలుగుకు ప్రత్యుత్తరాల జాబితా వచ్చింది. జాలరిపేట ఖాతాలు నూట పదమూడు. అన్నిటికీ జవాబు ఒకటే, గొంతులు వేరు. నూకరత్నం పేరు ముప్పై ఒకటో వరసలో ఉంది. పక్కన కాసులమ్మ ప్రశ్న. దాని కింద జవాబు. ఒప్పుకోలు గడి ఖాళీగా అతని వేలి కోసం చూస్తోంది.

చెవిగొట్టం పెట్టుకుని విన్నాడు.

"నాకెవులూ సెప్పనేదే కాసూ. తెలిస్తే కూకుందునా?"

గొంతు అదే. మాట చివర కొంచెం పైకి లేపడం అదే. మళ్లీ విన్నాడు.

ఎవరూ చెప్పలేదట. ఊరందరికన్నా ముందు చెప్పింది ఆమె.

ఆ రోజు ఆ గొంతు ఈ బల్ల మీదికే వచ్చింది. రేవు యాస యంత్రానికి అంతుపట్టక మనిషికి పంపింది. ఆ మనిషి గుర్నాథం. మొదటి మాటకే ఎవరో తెలిసిపోయింది. వదంతి పుట్టించినవాళ్లకు రెండేళ్లు జైలు. ఇంట్లో ఉద్యోగం ఉంటే అది పోతుంది. పెళ్లాన్ని కాపాడుతున్నాననుకున్నాడు. ఉద్యోగం సంగతి కూడా అనుకున్నాడు. ఏది ముందనుకున్నాడో అతనికి బాగా తెలుసు. ఎవరూ వినకముందే, పేరు కూడా మిగలకుండా తుడిచాడు. ఆ తరవాత ఆమెకు ఫోన్ చేశాడు. "బుద్ధుందా నీకు? నోరు మూసుకుని ఇంట్లో కూకో. గుమ్మం దాటావంటే నా మీదొట్టే" అన్నాడు. "సర్లే" అంది.

కూర్చుంది.

యంత్రానికి అర్థం కాని గొంతులను తుడిచేముందు ఒక నకలు నేర్పుడు సంచిలో వెయ్యాలని అప్పట్లో నియమం. వేశాడు. ఆ సంచుల్లోని గొంతులు తినే పూరణి రేవు యాస నేర్చుకుంది. సంచులను ఎవరూ పారెయ్యలేదు. ఎవరూ తెరవనూ లేదు.

ఎనిమిది నలభై నాలుగు.

గుర్నాథం తన పాత సంచి తెరిచాడు. పన్నెండు వందల గొంతులు. తారీఖు, నిమిషం వరసలో ఉన్నాయి. వెతకక్కర్లేకపోయింది. లెక్కలో లేని మాటను గోడకెక్కించడానికి ఒక పత్రం నింపాలి. ఎక్కడిది? నేర్పుడు సంచి. తుడిచినవారు? రెండుసార్లు తప్పు కొట్టి, మూడోసారి తన పూర్తి పేరు, పాత నంబరు రాశాడు. కారణం? ఆ గడి చిన్నది. 'నా ఉద్యోగం పోతుందని. ఆమె జైలుకు పోతుందని. తరవాత ఫోన్ చేసి ఇంట్లో కూర్చోమన్నాను. కూర్చుంది.'

పులుసు వాక్యాన్ని తీసేశాడు. జవాబు పక్కన 'ఒప్పుకోను' నొక్కాడు.

అప్పలకొండ అతని తెర వైపు వంగి చూసింది. చదివింది. చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టింది.

"గురన్నా, పిచ్చెక్కిందేటి? పింఛనుకి ఆర్నెల్లుంది."

"తెలుసు."

"జైలుకి పోతావు. ఈ వొయసులో మొగోలకి జైలు కూడు పడదు. పోనీ, పోయినోలు తిరిగొత్తారా?"

"రారు. అబద్ధం మాత్రం ఏటేటా వస్తంది."

ఎనిమిది యాభై రెండు. నొక్కాడు.

గోడ మీద నూకరత్నం మాట్లాడింది.

"ఒలే, వలలు దులుపుతున్నోలందరూ ఇనండి. మా పడవోలు ఇప్పుడే సెప్పినారు. సవుద్రం మీద, నీటికి తగిలీసినట్టు, ఏవో ఎగురుకుంటా వొత్తన్నాయంట. పాతిక ముప్పై. రెక్కలున్నాయి, సప్పుడు నేదు. పిల్లల్ని సంకనేసుకుని కొండెక్కీయండి. బువ్వ పొయ్యి మీదుంటే ఉండనీండి. ఎల్లండి, ఎల్లండి!"

కింద పత్రం మొత్తం కనబడుతోంది. తుడిచినవారు. కారణం. ఒక్క దీపం కూడా వెలగలేదు. జనానికి ఏం చెయ్యాలో తోచలేదు.

హైమవతి పరుగున వచ్చింది. "ఏమిటండీ అది? ఎవరావిడ?"

"మా ఆవిడ."

"మన లెక్కలో లేదే ఆ మాట!"

"నేను తుడిచాను కాబట్టి లేదు. ఇప్పుడు ఎక్కించాను."

"తియ్యండి. ఇప్పుడే. చట్టం ఇంకా ఉందని తెలుసా మీకు?"

"మీ బల్ల నుంచి కూడా తియ్యొచ్చు మేడమ్. తుడిచినవారి పేరు అడుగుతుంది."

ఆమె తన బల్ల దగ్గరికి వెళ్లింది. తెర తెరిచింది. ఖాళీ గడిలో గీత వెలిగి ఆరుతోంది. ఆమె చెయ్యి అక్కడిదాకా వెళ్లి ఆగింది. "మీరే తియ్యండి గుర్నాథం గారూ" అంది, ఈసారి గొంతు తగ్గించి. "నాకు ఇద్దరు ఆడపిల్లలు."

గుర్నాథం తన తెర వైపు తిరిగాడు. ఆమె ఫోన్ పట్టుకుని వరండాలోకి పోయింది. పైవాళ్లు ఎత్తడం లేదు. పైవాళ్లు కూడా గోడే చూస్తున్నట్టుంది.

తెర మీద పూరణి జవాబులను ఎర్రగా చూపించడం మొదలుపెట్టింది. ముందు ముప్పై ఒకటో వరస. తరవాత అటూ ఇటూ. 'ఎవరూ చెప్పలేదు' అన్న జవాబులన్నిటి పక్కనా ఒకే సూచన: ఆధారం మారింది. నూట పదమూడు వరసలూ ఎర్రబడ్డాయి. తొమ్మిదింటికి ప్రత్యుత్తరాలు తెరుచుకున్నాయి. మిగతా ఊరి చచ్చినవాళ్లందరూ తమవాళ్లతో తియ్యగా మాట్లాడుతున్నారు. జాలరిపేట వాళ్లు ఒక్కరూ నోరు విప్పలేదు.

అప్పలకొండ తన తెర చూస్తూ ఎవరితోనూ కాకుండా అంది. "నా సంచిలో ఆ దినం గొంతులు ఏడుండాల."

ఆమె పత్రం తెరిచిన చప్పుడు వినబడింది.

గుర్నాథం ఫోన్ మోగింది. కాసులమ్మే. ఎత్తడానికి అతనికి నాలుగు మోతలు పట్టాయి.

"గుర్నాథం" అంది.

అక్కతో అతని పెళ్లైన నాటి నుంచి ఆమె అతన్ని పేరు పెట్టి పిలవలేదు.

"చెప్పు."

"నువ్వే సెప్పాల. ఈధంతా నా గుమ్మం ముందుంది. నానేటి సెప్పను ఈలకి? ఫోను తిప్పుతాను. ఒక్కొక్కలికీ నువ్వే సెప్పు. పెట్టీసినావంటే నీ ఆపీసుకొచ్చీసి అడుగుతాం."

గాలి, అడుగులు, ఎవరో పిల్లను అదిలించడం. తరవాత ఒక ముసలి గొంతు. యంత్రానిది కాదు. మధ్యలో దగ్గు ఉంది.

"బాబూ, మాయాడది, ముగ్గురు పిల్లలు పోనారు ఆ దినం. తిట్టను. ఒక్కటి సెప్పు. ఆ మాట ఎన్నింటికొచ్చింది నీ కాడికి?"

"ఎనిమిది యాభై రెండుకి."

అవతల ముసలాయన పెదాలు కదులుతున్న చప్పుడు. తొమ్మిది ఇరవై ఆరు దాకా లెక్క వేసుకుంటున్నాడు.

"మా యింటికాణ్నుంచి కొండకి పన్నెండు నిమసాలు" అన్నాడు. "పిల్లలతోటైతే పదిహేను."

ఫోను పక్కవాళ్ల చేతికి ఇచ్చాడు.