రాయకూడని కంపెనీ

"మా ప్రెస్‌నోట్‌ని ఊకదంపుడు అన్నది మీరేనా?"

క్యాంటీన్‌లో కాఫీ ఎత్తబోతున్న అతను తలెత్తి చూశాడు. పై అంతస్తులోని రంగుల కంపెనీలో వార్తలు రాసి బయటికి వదిలే అమ్మాయి. అతను కింది అంతస్తులో షేర్ బ్రోకర్ ఆఫీసులో ఆ వార్తలే చదివి, దీనివల్ల షేరు లేస్తుందా పడుతుందా అని ఖాతాదారులకి రాసిచ్చే మనిషి.

తనే అన్నానన్నాడు. కొత్త ఫ్యాక్టరీ సంగతి జనం ఎప్పుడో నమ్మి షేర్లు కొనేశారు, ఇంక రేటు కదలడానికి ఏముందన్నాడు. చూస్తూ ఉండమని విసురుగా వెళ్ళిపోయింది. రేటు కదల్లేదు. మర్నాడు వచ్చి ఎదురుగా కూర్చుంది.

అప్పట్నించి రోజూ కాఫీ. అతని చొక్కాల మీద ఆమె జోకులు, ఆమె రాసే గొప్పల మీద అతని జోకులు. కంపెనీ లోపలి సంగతి మాత్రం ఇద్దరూ ఎత్తరు. బయటికి రాని వార్త చెబితే ఆమె ఉద్యోగం పోతుంది, వాడుకుంటే అతనిది. డబ్బున్నవాడు ఇదే పని క్లబ్బులో కూర్చుని చేస్తాడు, వాడినెవడూ అడగడు. రూలన్నది జీతగాళ్ళకి.

ఒక వానరోజు ఆమె జోకులేమీ వెయ్యలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కాఫీ సగంలో వదిలేసి వెళ్ళింది. పైన ఏదో కూలుతోంది, షేరు పడుతుంది అనుకున్నాడు. అమ్మేయమని ఇవాళే రాస్తే పేరొస్తుంది. కానీ అది ఆమె కళ్ళలో చదివిన సంగతి. తిన్నగా మేనేజర్ దగ్గరికెళ్ళి, ఆ కంపెనీ గురించి ఇక రాయనన్నాడు.

మేనేజర్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఏమన్నా వాసన తగిలిందా?"

"లేదు సార్. అక్కడ నాకు కావాల్సిన మనిషి ఉంది."

"ఏమవుతుంది నీకు?"

"ఇంకా ఏమీ కాదు."

మేనేజర్ నవ్వాడు. ఆ కంపెనీ మీద రాసే పని పక్క సీటువాడికి ఇచ్చాడు. అతనికి పేరు తెచ్చింది ఆ ఒక్క కంపెనీయే. ప్రమోషన్ కూడా దానితోపాటే పోయింది.

మర్నాడు వార్త వచ్చింది. పాత ఫ్యాక్టరీ మూత, వందలమంది ఇంటికి. షేరు పడలేదు, ఎగిరింది. మనుషులు రోడ్డున పడితే ఖర్చు తగ్గిందని బజారు సంబరపడుతుంది. అతనికి తెలిసిన లెక్కే. ఆమె కళ్ళు చూసి మర్చిపోయాడు.

మధ్యాహ్నం ఆమె క్యాంటీన్‌కి వచ్చి ఫోన్ అతని ముందు పెట్టింది. పక్క సీటువాడు రాసింది. 'శుభవార్త, కొనండి.'

"మీరు రాసుంటే ఆ పోయినవాళ్ళ గురించి ఒక్క ముక్కన్నా ఉండేది. ఎందుకు రాయలేదు?"

"సొంతవాళ్ళున్న కంపెనీ మీద రాయకూడదు."

"మా కంపెనీలో మీకెవరున్నారు?"

అతను ఆమెనే చూస్తూ కూర్చున్నాడు. ఆమె చెవులు నెమ్మదిగా ఎర్రబడ్డాయి.

"నన్నడక్కుండానే మీ మేనేజర్‌కి చెప్పేశారా?"

"తప్పే. ఇప్పుడు అడుగుతున్నాను."

ఆమె లేచి బ్యాగు భుజాన వేసుకుంది. తమ ఆఫీసులోనూ ఇలాంటి రూలే ఉందంది. ఇప్పుడే వెళ్ళి తన బాస్‌కీ చెప్పాలంది.

"ఏమవుతారని అడుగుతారు. కాబోయే ఆయన అంటాను. కాదంటే ఇప్పుడే చెప్పండి, లిఫ్ట్ వచ్చేస్తోంది."