ఎర్రబండ మలుపులో ఆపిన కారు

కృష్ణగిరి నుంచి హోసూరు పోయే రోడ్డులో, శూలగిరి ఇంకా రాకముందే, ఎర్రబండ మలుపు వస్తుంది. పగలు చూస్తే ఏమీ లేదు. ఒకపక్క బండ, ఇంకోపక్క రాగిచేను. పొద్దు గూకితే మాత్రం అక్కడ బండి ఆపిన మనిషి లేడు.

ఆ మలుపులో చలి పుడుతుందంటారు. బండి బయట కాదు… లోపల.

చెప్పుకునేది ఇదీ. చాలా ఏళ్ళ కిందట, పుష్యమాసం మంచులో, రాళ్ళు కొట్టే పనికి వచ్చిన ఆడమనిషి ఒకామె పదిరోజుల బిడ్డను చంకనేసుకుని ఆ మలుపులో నిలబడింది. బిడ్డకు ఊపిరాడటం లేదు. హోసూరు ఆసుపత్రికి పోవాలి. వచ్చిన ప్రతి లారీకీ చెయ్యెత్తింది. తెల్లవార్లూ ఎత్తింది. ఒక్కటీ ఆగలేదు. పొద్దున చూసినవాళ్ళు ఇద్దరినీ ఒకే గుంతలో పూడ్చారు. పేరు ఎవరికీ తెలీదు. ఆయమ్మ అనే అంటారు.

అప్పట్నుంచీ డ్రైవర్లది ఒకటే పద్ధతి. మలుపు ఇంకా మైలుందనగా గుప్పెడు ఊదుబత్తీలు వెలిగించి, బండిలో దేవుడి పటం ముందర గుచ్చుతారు. అద్దాలు మూసేస్తారు. శూలగిరి దీపాలు కనిపించేదాకా ఆపరు.

ఆపితే ఆయమ్మ ఎక్కుతుంది.

కృష్ణగిరికి కోడలిగా వచ్చిన నాటి నుంచీ జ్ఞానాంబ ఈ మాట వింటూనే ఉంది. నమ్మిందా లేదా అని ఎవరూ అడగలేదు. ఆమెకు ఆ రోడ్డుతో పని పడలేదు — ఎనభై ఆరో సంవత్సరం డిసెంబరు దాకా.

ఆ నెలలో ఆమె కూతురు కాత్యాయని ఎనిమిదో నెలలోనే కనేసింది. ఆడపిల్ల. రెండు అరచేతుల్లో ఇమిడేంత. ఏడుపు కూడా లేదు, పిల్లికూన మూలిగినట్టు ఒక శబ్దం… అంతే.

డాక్టరమ్మ సూటిగా చెప్పింది. ఇలాంటి బిడ్డల్ని పెట్టే గాజుపెట్టె హోసూరులో ఉంది. ఈ సాయంత్రమే చేర్చాలి. దారిలో చలి తగిలితే మాత్రం, ఇక ఎవరూ చేసేది లేదు.

కాత్యాయనికి రక్తం ఎక్కించాలి. జ్ఞానాంబ భర్త నాగేశ్వరయ్య రక్తం కోసం పరుగెత్తాడు. అల్లుడు కూతురి మంచం దగ్గర. బిడ్డతో పోయేదానికి మిగిలింది జ్ఞానాంబ ఒక్కతే.

అద్దె అంబాసిడర్లు చూశారు. ప్రతి తలుపు సందులోంచీ గాలి దూరుతుంది. అప్పుడు రామచంద్రప్ప కబురు పెట్టాడు. గ్రానైటు క్వారీలు ఆయనవి, తాళ్ళూ గడ్డపారలూ నాగేశ్వరయ్య అంగడిలోనే కొంటాడు. ఈమధ్యే మద్రాసులో ఒక దొర దగ్గర జర్మనీ కారు కొన్నాడు. దాని గురించి చెప్పని రోజు లేదు. వేణ్ణీళ్ళకు పెళ్ళాన్ని రెండుసార్లు అడగాల, నా కారును ఒకసారి అడిగితే చాలు అంటాడు. అందులో వేడి పెట్టుకునే చిన్న చక్రం ఒకటి ఉంది. ఇరవై ఎనిమిది డిగ్రీలని తిప్పితే ఇరవై ఎనిమిదే. బయట మంచు కురిసినా, ఎండ కాసినా, లోపల అంతే వేడి. మనిషి చెయ్యి పెట్టే పని లేదు. కారే చూసుకుంటుంది.

డ్రైవరు వెంకటేశులు. వేప్పనపల్లి పక్క మనిషి. నిదానస్తుడు.

ఏడు గంటలకు బయలుదేరారు. వెనక సీటులో ఎడమపక్కన జ్ఞానాంబ, ఒళ్ళో బిడ్డ. మొదట కారు ఏ గాలీ వదల్లేదు. ఆమె కంగారుపడింది.

"ఇంజను నీళ్ళు కాగాలమ్మా. అవి కాగిందాకా ఊపిరి బిగబట్టుకునే ఉంటాది. చల్లగాలి మీద కొట్టకూడదని దానికి తెలుసు."

వెంకటేశులు అన్నట్టే రెండు మైళ్ళు పోయాక కాళ్ళ దగ్గర వెచ్చగా తగిలింది. మెల్లగా కారంతా నిండింది. బిడ్డ పెదాలు ఎర్రబడ్డాయి. జ్ఞానాంబ అప్పుడు తల వెనక్కి వాల్చింది.

గురుబరపల్లి దాటింది. మంచు దిగింది. దీపాల ముందర పది గజాలు తప్ప రోడ్డు లేదు.

వెంకటేశులు కారు నెమ్మది చేశాడు. అగ్గిపుల్ల గీసిన చప్పుడు. స్టీరింగుకు ఎడమపక్కన, కారు పూజనాడు అతికించిన వెంకటరమణస్వామి పటం. దాని కింద ఇత్తడి గుచ్చు. అందులో గుప్పెడు ఊదుబత్తీలు ఎర్రగా కళ్ళు తెరిచాయి.

అద్దాలన్నీ బిగించి ఉన్నాయా అని అతను తిరిగి చూసుకున్నాడు.

ఒక నిమిషం… రెండు నిమిషాలు…

ముందర, ఆ పటం వెనకాల, లోపలెక్కడో — టక్.

చిన్న తలుపు మూసుకున్నట్టు. ఇంకొకటి తెరుచుకున్నట్టు.

కాళ్ళ దగ్గర వెచ్చదనం ఆగిపోయింది. మొహానికి ఎదురుగా ఉన్న కంతల్లోంచి గాలి వచ్చింది. చల్లగా. ఇంకా చల్లగా. చూస్తుండగానే అది హోరయింది. బావిలోంచి లేచినట్టు తడి చలి, జ్ఞానాంబ చెవులు మొద్దుబారాయి. బిడ్డ మీద శాలువా కప్పింది. దాని మీద కొంగు. దాని మీద తన చెయ్యి.

"వెంకటేశులూ…"

అతను చక్రం ముప్ఫైకి తిప్పాడు. తగ్గలేదు. ఆపెయ్యమంది. అక్కడున్న మీటల్లో ఒకటి నొక్కాడు. గాలి రెండింతలైంది. ఆ తరువాత అతను వేటినీ ముట్టలేదు.

"వచ్చేసిందమ్మా," అన్నాడు. "మలుపులో ఉండాము."

బిడ్డ కాళ్ళు చల్లబడ్డాయి. ఆ మూలుగు కూడా ఆగింది. జ్ఞానాంబ ఆ చిన్ని పెదాలమీద వేలుపెట్టి చూసింది. ఊపిరి ఉంది… లేదు… ఉంది.

అప్పుడామె పొగను చూసింది.

ఊదుబత్తీల పొగ పైకి పోవడం లేదు. వంగి, తాడులాగా సాగి, పటం పక్కన కారు ముందుపలకలోకి పోతోంది. అక్కడ నాలుగు సన్నటి గాట్లున్నాయి. ఆ గాట్ల వెనక ఎవరో కూర్చుని, ఆగకుండా పీలుస్తున్నట్టు. పొగ లోపలికి… చలి బయటికి.

జ్ఞానాంబకు దెయ్యం సంగతి తెలీదు. ఒక్కటే అర్థమయింది. దానికి మనం పెడుతున్నాం, అది తాగుతోంది.

"ఆపప్పా."

"ఈడ ఆపకూడదమ్మా."

"బిడ్డ పోతాది. ఆపు."

ఆపాడు. ఇంజను ఆపలేదు. స్టీరింగు మీద తల పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

ఆమె బిడ్డను సీటు మధ్యలో పడుకోబెట్టింది. ముందు సీట్ల నడుమ వంగి, ఆ గుప్పెడూ నిప్పు వైపే పట్టుకుని పెరికింది. చెయ్యి కాలింది. తలుపు తీసి దిగి, నాలుగడుగులు నడిచి, రోడ్డు వార తడిమట్టిలో గుచ్చి కాలితో నలిపింది. బండ మీదనుంచి మంచు జారుతోంది. ఎవరూ లేరు. తల తిప్పి చూడలేదు. వచ్చి, తలుపేసి, బిడ్డ పక్కన కూర్చుంది.

"పోనీ."

కారు కదిలింది. హోరు కొంచెం తగ్గింది. ఇంకొంచెం తగ్గింది. లోపల మళ్ళీ — టక్. మొహం మీద గాలి ఆగింది. కాళ్ళ దగ్గర వెచ్చగా మొదలైంది.

వెంకటేశులు శూలగిరి దాకా నడుపుతూనే ఏడ్చాడు.

హోసూరులో నర్సు బిడ్డను విప్పి, అరికాళ్ళు పట్టి చూసింది. ఇంత మంచులో ఇంత వెచ్చగా ఎట్లా తెచ్చినారమ్మా అంది. బిడ్డను గాజుపెట్టెలో పెట్టారు. ఇరవై రెండు దినాలకు అదే కారులో, పట్టపగలు, ఇల్లు చేరింది.

సంగతి విన్న రామచంద్రప్ప మాత్రం ఆ కారెక్కడం మానేశాడు. కావేరిపట్టణం సంతకు కూడా లారీలోనే పోతున్నాడని ఊరంతా నవ్వుకున్నారు. చివరికి బెంగళూరు నుంచి కార్లలో చల్లమిషన్లు బాగుచేసే రాజప్పను పిలిపించాడు. కృతజ్ఞతగా పండ్లిద్దామని జ్ఞానాంబ వెళ్ళింది కూడా ఆ రోజే.

రాజప్ప పటం పక్కనున్న గాట్ల మూత ఊడదీశాడు. లోపల వేలు పెట్టి తీశాడు. వేలి నిండా విభూతిలాంటి బూడిద.

"ఇది దీని ముక్కు," అన్నాడు. "లోపల గోలీకాయంత ఫ్యాను ఉండాది, కారులోని గాలిని ఊరికే పీలుస్తానే ఉంటాది. ఆ గాలి ఎంత వేడి ఉంటే కారంతా అంత వేడి అనుకుంటాది. చల్లగుంటే ఇంజను వేణ్ణీళ్ళ పక్క తలుపు తీస్తాది. ఎక్కువైతే అది మూసి చల్లమిషను పక్క తీసి, మొగం మీదికి కొడతాది. మీరేమో పూజ పేరుతో సరిగ్గా ముక్కు కిందనే గుచ్చు పెట్టినారు. ముక్కులో నిప్పు పెట్టి, చల్లగా ఎందుకు కొడతాండాదంటే… అది ఏం చేస్తాదప్పా, కారు కాలిపోతా ఉందనుకొనింది."

అందరూ నవ్వారు. వెంకటేశులు కూడా సిగ్గుగా నవ్వాడు. ఇన్నేళ్ళూ లారీల్లో ఈ ముక్కు లేదు గదా, మరి చలి యాడిది అని ఎవరో గొణిగారు. రామచంద్రప్ప మంచులో చలి పుట్టక చెమట పుడతాదా అని నోరు మూయించాడు. గుచ్చు పీకి పటం పైకి జరిపించి, ఆయమ్మ పీడ విరగడయిందన్నాడు.

జ్ఞానాంబ లేచింది. వాకిలి దాకా వచ్చి ఆగింది.

"రాజప్పా, వెనక సీటుకు వేడి పెట్టేదేమన్నా ఉండాదా దీంట్లో?"

"కొన్ని కార్లకు ఉంటాదమ్మా. దీనికి లేదు. ఎందుకు?"

"ఊరికే అడిగినాను."

ఆ రాత్రి తడిమట్టిలో బత్తీలు నలిపి వచ్చి కూర్చున్నప్పుడు, ఆమె సీటు రాయిలాగా చల్లబడి ఉంది. బిడ్డను ఎత్తుకుందామని వంగి, అవతలి పక్క చెయ్యి ఆనించింది. డ్రైవరు వెనక. కృష్ణగిరి నుంచి ఎవరూ కూర్చోని చోటు.

వెచ్చగా ఉంది. మనిషి ఒళ్ళు ఉన్నంత వెచ్చగా.

జ్ఞానాంబ వెంకటేశులుకు చెప్పలేదు. బిడ్డను తన ఒళ్ళోకి తీసుకోలేదు. కళ్ళు మూసుకుని, మెల్లగా ఆ పక్కకే జరిపింది.

హోసూరు ఆసుపత్రి గేటు దాకా ఆ వేడి తగ్గలేదు.