పెన్సిల్ చుక్క

గుంట ఖాళీ!

ఆమె మోకాళ్ల మీద కూలబడి లోపలికి చెయ్యి దూరుస్తుంది. మోచెయ్యి దాకా పోతుంది. వేళ్లకు చల్లటి ఇసుక తప్ప ఇంకేమీ తగలదు.

ఇందులో నూట పన్నెండు గుడ్లు ఉండాలి!

పక్క గుంట దగ్గరికి పాక్కుంటూ వెళుతుంది...

ఖాళీ!

దాని పక్కది... అదీ ఖాళీ!

పదకొండు గూళ్లు. పదకొండూ ఎవరో దేవుకుపోయారు.

టైమ్ తెల్లవారుజాము నాలుగున్నర. ఆరున్నరకి తీరం తనిఖీ కమిటీ వస్తుంది.

ఆమెను అందరూ తాబేలక్క అంటారు. నడక మాత్రం కుందేలుది. తొమ్మిదేళ్లుగా ఈ తీరంలో ఆమె ఉద్యోగం ఒక్కటే. సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టిన చోట్లు వెతకడం, లెక్క రాయడం, కాపలా కాయడం. ఈ జాతి తాబేళ్లు మిగిలిందే కొద్ది. ఆ కొద్దిలో కొన్ని గుడ్లు పెట్టేది ఈ ఇసుకలోనే.

కంపెనీ చైర్మన్ గారి రిసార్టు లేచేది కూడా ఈ ఇసుకలోనే.

అదీ గొడవ!

కమిటీ రూలు చాలా చిన్నది. వాళ్ల కళ్లకు ఒక్క గూడు కనబడినా చాలు, రిసార్టు గోడ రెండు వందల మీటర్లు వెనక్కి జరగాలి. ఒక్కటీ కనబడకపోతే నలభై విల్లాలు అలల ముఖం మీదే లేస్తాయి. ఫొటోలు చెల్లవు. కిందటిసారి అవి దొంగ ఫొటోలని చైర్మన్ లాయరు అరగంటలో తేల్చేశాడు.

తీరం ఆ చివర వలలో తాబేలు చిక్కిందని మూడు గంటల క్రితం ఎవరో ఫోన్ చేశారు. వెర్రిదానిలా పరుగెత్తింది. అక్కడ వలా లేదు, తాబేలూ లేదు.

తిరిగొచ్చేసరికి ఇదీ సంగతి!

కర... కర... కర...

ఇసుకలో బూట్ల చప్పుడు!

తలెత్తి చూస్తుంది. నీళ్ల అంచున ఒక ఆకారం. చేతుల్లో తెల్లటి పెట్టె.

"ఏయ్! ఆగు!"

ఆకారం పరుగందుకుంది.

ఆమె కూడా!

చెప్పులు ఎక్కడో ఊడిపోయాయి. గవ్వలు అరికాళ్లలో దిగుతున్నాయి. లెక్కచెయ్యదు. దూరం తగ్గుతోంది. ముప్పై గజాలు... ఇరవై...

కానీ వాడి పరుగేదో తేడాగా ఉంది.

కాళ్లు మాత్రమే పరుగెడుతున్నాయి. చేతులు కదలడం లేదు. నిండు బిందె మోస్తున్నట్టు పెట్టెను పొట్టకి ఆనించి, తొణక్కుండా పట్టుకున్నాడు. కిందపడేస్తే ఈపాటికి తప్పించుకునేవాడే!

ఎందుకు పడెయ్యడు?

గుడ్లు పగిలితే సంతోషించాల్సిన బాపతు కదా!

పది గజాలు...

గట్టు పక్కన ఆగున్న ట్రాలీ ఆటో ఒక్కసారిగా గర్జించింది. వాడు వెనక ఎక్కి కూర్చున్నాడు. చక్రాలు ఆమె మొహాన ఇసుక కొట్టి వెళ్లిపోయాయి.

కళ్లు నులుముకుంటూనే ఫోన్ తీసింది. ఈ వేళప్పుడు ఆమె నమ్మి ఫోన్ చెయ్యగలిగిన మనిషి ఒక్కరే.

"మాస్టారూ! గుడ్లు... అన్నీ ఎత్తుకుపోయారు!"



"నువ్వెక్కడున్నావు తల్లీ?"

"ట్రాలీ జాడ పట్టుకుని వెళుతున్నా. సైటు వైపే పోయింది."

"ఒక్కదానివే లోపలికి వెళ్లకు. నేనొస్తున్నాను."

ఆ గొంతు వినగానే సగం ధైర్యం వచ్చింది. గుడ్డు పట్టుకోవడం దగ్గర్నుంచి తాబేలు కన్నీళ్ల దాకా ఆమెకు నేర్పింది ఆయనే. నలభై ఏళ్లుగా ఈ ఇసుకలో తిరుగుతున్న మనిషి. పొద్దున కమిటీ ముందు గూళ్ల లెక్క మీద సంతకం పెట్టాల్సిందీ ఆయనే.

వెళ్లకు అన్నారు సరే... ఆగితేగా!

చక్రాల జాడ ముళ్లకంచె దాటింది. సిమెంటు బస్తాలు దాటింది. ఏడో నంబరు విల్లా ముందు ఆగింది. నమూనా కోసం ముందే కట్టిన విల్లా. సముద్రం వైపు గోడ ఇంకా లేవలేదు.

లోపల లైటు!

బయట ఒక జీపు.

ఆ జీపు ఎవరిదో ఆమెకు తెలుసు.

బావ!

అక్క మొగుడు. సైటు ఇంజినీరు. గోడ వెనక్కి జరిపి, దీపాలు నీళ్ల మీద పడకుండా తిప్పి, "హోటలూ ఉంటుంది, తాబేలూ ఉంటుంది మరదలా" అంటూ కొత్త ప్లాన్ గీసినవాడు. చైర్మన్ ఆ ప్లాన్‌ని చెత్తబుట్టలో వేశాడని వాపోయినవాడు. దానికోసమని ఆమె దగ్గర గూళ్ల మ్యాప్ తీసుకున్నవాడు!

ఇంతకా తీసుకున్నావు మ్యాప్!

కింద పడున్న ఇనపచువ్వ అందుకుంది. ఒక్క ఉదుటున లోపలికి దూకింది.

"కదిలావంటే తల పగులుద్ది!"

మోకాళ్ల మీద ఉన్న బావ చేతులెత్తేశాడు. చుట్టూ థర్మోకోల్ పెట్టెలు.

"నేనే! నేనే మరదలా! ముందా చువ్వ దించు!"

"నువ్వేనని తెలిసే ఎత్తాను!"

"సైటు కెమెరాలన్నీ ఒకేసారి ఆగిపోయాయి. అనుమానం వచ్చి వచ్చా. నేనొచ్చేసరికి ట్రాలీ పెట్టెలు దించి వెళ్లిపోతోంది. కంచె గేటు తాళం పగలగొట్టి ఉంది, కావాలంటే చూడు!"

"మ్యాప్ నేను ఇద్దరికే ఇచ్చాను బావా. నీకు, మాస్టారికి. మాస్టారు తీశారంటావా? అక్కకి ఏం చెప్తావు రేపు?"

బావ పెట్టెలోంచి ఒక గుడ్డు తీశాడు. లైటు దగ్గర పెట్టి అటూ ఇటూ తిప్పబోయాడు.

"బాగానే ఉన్నట్టున్నాయిగా, ఇదిగో..."

"తిప్పకు!"

ఆమె కేకకి బావ కొయ్యబారిపోయాడు.

"తిప్పితే లోపల పిల్ల చచ్చిపోద్ది! గూట్లో ఏ వైపు పైకుందో ఆ వైపే పైకుండాలి! అదికూడా తెలీదా?"

"నాకేం తెలుసే! నేను సిమెంటు మనిషిని!"

నిజమే. తెలీదు.

తెలియనివాడు ఇన్ని పెట్టెల్లో ఇన్ని గుడ్లు ఎలా సర్దాడు?

చువ్వ కిందికి దిగింది. మెల్లగా వంగి పెట్టెలోకి చూసింది. తడి ఇసుక పరుపు. మీద వరసగా గుడ్లు. ప్రతి గుడ్డు నెత్తిన ఒక చిన్న నల్లటి చుక్క.

పెన్సిల్ చుక్క!

అన్ని చుక్కలూ పైకే చూస్తున్నాయి.

రెండో పెట్టె... చుక్కలు. మూడో పెట్టె... చుక్కలు!

గూట్లోంచి తీసేముందే గుడ్డు పైభాగాన పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోవాలి. తర్వాత అది ఏ వైపో మర్చిపోయే ప్రమాదం ఉండదు. ఈ పద్ధతి ఈ తీరంలో ఇద్దరికే తెలుసు. ఒకరు ఆమె.

రెండోవారు...

"బావా," అంది ఆమె. "నేను మాస్టారికి ఫోన్ చేశా."

"మంచిదేగా!"

"కాదు..."

తెల్లటి టార్చ్ వెలుగు ఇద్దరి కళ్లలో పడింది.

"వెళ్లొద్దని చెప్పానుగా తల్లీ."

గుమ్మంలో మాస్టారు. ఆయన వెనక టార్చ్ పట్టుకున్న చైర్మన్ గన్‌మన్. ఇసుకలో కూడా బూట్లు విప్పడని అందరూ వాణ్ని బూట్లోడు అంటారు. రెండో చేతిలో తుపాకీ.

కంచే చేను మేసింది! ఏడుపొచ్చింది. దాన్ని తోసుకుని కోపం వచ్చింది.

"మీరా మాస్టారూ... మీరు!"

"అరవకు. విను." ఆయన గొంతులో దడ లేదు, అలసట ఉంది. "నలభై ఏళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగాను. ఒక్క గోడ ఆగిందా? ఇదీ ఆగదు. చైర్మన్ గుడ్లు సముద్రంలో పారబొయ్యమన్నాడు. నేనే బతిమాలి పక్క తీరానికి మారుస్తానన్నాను. గుడ్లన్నా బతుకుతాయి. పెట్టెలు తొణక్కుండా మొయ్యమని వీడికి చెప్పిందీ నేనే."

"ఈసారి ఆగేది! ఒక్క గూడు చాలు ఆగడానికి!"

"నువ్వింకా చిన్నపిల్లవి."

"పుట్టిన ఆడపిల్ల ఇరవై ఏళ్లకి గుడ్లు పెట్టడానికి ఈ ఒడ్డుకే తిరిగొస్తుందని చెప్పింది మీరు! వచ్చి ఏం చూస్తుంది మాస్టారూ? స్విమ్మింగ్ పూలా?"

మాస్టారు వంగి, పెట్టెలోని ఇసుక సర్దారు.

"చుక్కలు పెట్టకుండా ఉంటే మీరు నాకు దొరికేవారు కాదు."

"చెయ్యి ఊరుకోదు తల్లీ."

"సార్, కబుర్లు చాలు!" బూట్లోడు చిరాకుపడ్డాడు. "ఫోన్లు తీసుకోండి. కమిటీ వెళ్లేదాకా ఇద్దర్నీ సిమెంటు గదిలో..."

సర్... సర్... సర్...

ఆమె సముద్రం వైపు తిరిగింది. మాస్టారు చటుక్కున చెయ్యెత్తారు.

"లైటార్పు!"

"ఏంటి సార్?"

"ఆర్పరా ముందు!"

ఆ గొంతుకి బూట్లోడు హడలి లైటార్పేశాడు. చీకటి!

సర్... సర్...

గోడ లేని వైపు, పదిహేను అడుగుల దూరంలో, ఎవరో ఇసుక ఎగజిమ్ముతున్నారు. తెల్లవారుజాము మసక వెలుతురులో నల్లటి డిప్ప కనబడింది. వెనక రెక్కలతో గొయ్యి తవ్వుతోంది.

తల్లి తాబేలు!

పారిపోవడానికి ఇంతకంటే మంచి అదను దొరకదు. తుపాకీకి గురి లేదు. జీపు బయటే ఉంది. బావ ఆమె మోచెయ్యి పట్టి లాగుతున్నాడు.

ఆమె కదల్లేదు.

పరుగెడితే ఇసుక అదురుతుంది. అదిరితే తాబేలు బెదిరి వెనక్కి పోతుంది. ఇంకో రెండు నిమిషాలు... తవ్వడం ఆగేదాకా... అంతే!

పక్కనే మాస్టారు. ఆయనా ఊపిరి బిగబట్టారు. కాసేపు ఇద్దరికీ మరేదీ గుర్తులేదు. ఎవరు దొంగో, ఎవరు కాపలానో!

సర్...

ఆగింది.

"మొదలుపెట్టింది," మాస్టారు గుసగుసగా అన్నారు.

"ఇక పక్కన పిడుగు పడ్డా ఆగదు," ఆమె అంది. ఆయన నేర్పిన మొదటి పాఠం అది.

"అంటే... ఇది పన్నెండో గూడన్నమాట!" బూట్లోడికి అప్పుడు వెలిగింది. "కమిటీ చూస్తే మొత్తం పోయినట్టేగా సార్!"

టార్చ్ వెలిగింది. తుపాకీ లేచింది. వాడి గురి ఆమె మీద లేదు, తాబేలు మీద ఉంది!

"వద్దు!" ఆమె దూకింది. బావ దూకాడు.

వాళ్లిద్దరికంటే ముందు మాస్టారు వెళ్లారు. అరవై ఏడేళ్ల మనిషి అంత వేగంగా కదలడం ఆమె ఎప్పుడూ చూడలేదు. చేతులు రెండూ చాచి, తాబేలుకి అడ్డంగా...

"నన్ను దాటి..."

ఢాం!

మాస్టారు మోకాళ్ల మీద కూర్చుని, పక్కకి ఒరిగిపోయారు.

బూట్లోడు చేతిలోని తుపాకీని, కింద పడిన మనిషిని మార్చి మార్చి చూశాడు. తర్వాత రెండూ వదిలేసి పరుగు లంకించుకున్నాడు. బావ ఫోన్‌లో అరుస్తున్నాడు. "అంబులెన్స్! త్వరగా! సముద్రం ఒడ్డు, ఏడో నంబరు..."

ఆమె మాస్టారి పొట్ట మీద చున్నీ అదిమిపట్టింది. వేళ్ల సందుల్లోంచి వెచ్చగా వస్తోంది. ఆపాలి. ఎలాగైనా ఆపాలి!

"ఎందుకు చేశారు మాస్టారూ... మీమీద కోపం కూడా పడనివ్వరా నన్ను!"

"ఆగిందా?" ఆయన అడిగారు.

ఆమె తల తిప్పి చూసింది. గోతిలోకి ఒక తెల్లటి గుడ్డు జారింది. దాని మీద ఇంకొకటి.

"లేదు. పెడుతోంది."

"రిజిస్టర్లో... ఆ పదకొండు ఎవరు తీశారో... అదికూడా రాయి. నా పేరే రాయి."

"రాస్తాను." ఆమె ఏడుస్తూనే అంది. "తప్పకుండా రాస్తాను."

"మరి కూర్చున్నావేం? లెక్కపెట్టు!"

తూర్పున తెల్లబడుతోంది. దూరంగా రోడ్డు మీద రెండు దీపాలు కనబడ్డాయి. అంబులెన్సో, కమిటీ కారో తెలియడం లేదు.

ఒక చెయ్యి గాయం మీద. ఒక చెయ్యి మాస్టారి చేతిలో.

ఆమె పైకే లెక్కపెడుతోంది. "ముప్పై ఒకటి... ముప్పై రెండు..."

అరవై మూడు దగ్గర ఆమె చేతిలోని వేళ్లు పట్టు వదిలేశాయి.

తాబేలు ఆగలేదు.

"అరవై నాలుగు," అంది ఆమె. "అరవై ఐదు..."