గేటు దగ్గర తొమ్మిది సెల్ఫులు

మా వైపు పదకొండో నంబరు కంకర రోడ్డు మీద ఒక రైలు గేటు ఉంది. పేరుకే గేటు. అడ్డకర్రా లేదు, గంటా లేదు, ఎర్రదీపమూ లేదు. ఒక తుప్పు పట్టిన బోర్డు, అటూ ఇటూ ఆగస్టు వచ్చేసరికి మనిషిని ముంచేసేంత మొక్కజొన్న. అంతే. పగలు ధాన్యం లారీలు తిరుగుతూనే ఉంటాయి. చీకటి పడ్డాక మాత్రం... నెబ్రాస్కాలో పుట్టి పెరిగిన మొండి రైతులు కూడా నాలుగు మైళ్ళు చుట్టు తిరిగి పోతారు గాని ఆ పట్టాలు దాటరు.

ఎందుకంటే అక్కడ సెల్ఫ్ వినిపిస్తుంది.

బండి స్టార్ట్ చేసే సెల్ఫ్. ర్ర్ర్ర్... ర్ర్ర్ర్... ఇంజన్ అందుకోదు. కాసేపు ఆగుతుంది. మళ్ళీ కొడతారు. అందుకోదు. మళ్ళీ... సరిగ్గా తొమ్మిదిసార్లు. ఆ తర్వాత ఇంకేమీ వినపడదు. పోయి చూస్తే పట్టాల మీద బండీ ఉండదు, మనిషీ ఉండడు.

ఈ కథ ఊళ్ళో పుట్టించినవాణ్ణి నేనే. నా షెడ్డు ఆ గేటుకి పావు మైలు దూరం. పాత కార్లలో కొత్త ఇంజన్లు దింపి, వాటికి కంప్యూటర్లు బిగించి, వైర్లు లాగడం నా పని. పేరు నార్బర్ట్, అందరికీ నార్బ్. పదకొండేళ్ళుగా ధాన్యం గోదాము దగ్గర, చర్చిలో శుక్రవారం చేపల విందులో, బీరు బల్ల చుట్టూ ఇదే కథ చెప్పాను. రోమాలు నిక్కబొడిచేలా చెప్తానని నాకో పేరు కూడా వచ్చింది, సిగ్గులేని పేరు.

ఆ దెయ్యం ఎవరిదంటే — డ్వేన్ కుచేరాది. నా స్నేహితుడు.

డ్వేన్ అరవై ఏడు మోడల్ షెవెల్ కారు ఒకటి రెండేళ్ళపాటు కట్టుకున్నాడు. కట్టుకున్నాడు అనే అనాలి, ఇల్లు కట్టుకున్నట్టే. పాత ఇంజన్ తీసేసి కొత్తది పెట్టాడు. ఇంజన్‌కో కంప్యూటర్, గేర్లకో కంప్యూటర్. వైరింగ్ అంతా నాది. ఒక ఆగస్టు రాత్రి నా షెడ్డులోంచి బండి తీసుకుని ఇంటికి బయల్దేరాడు. పట్టాల మీద బండి ఆగిపోయింది. పది గంటల ధాన్యం రైలు వచ్చింది.

షెరీఫ్ పోలీసులు టేపు పెట్టి కొలిచారు. తలుపులు బాగానే ఉన్నాయి, బెల్టు ఇంకా ఒంటి మీదే ఉంది. "దిగి పారిపోవచ్చు కదా? ఎందుకు దిగలేదు?" అన్నారు. జవాబు ఊరే చెప్పుకుంది. ఆ వసంతంలోనే పెళ్ళాం వదిలేసి పోయింది కదా... దిగాలనుకోలేదులే.

అప్పుడు వాడి కూతురు టెస్సాకి పదిహేనేళ్ళు. శ్మశానం దగ్గర నా చొక్కా పట్టుకుని ఒక్కటే అడిగింది. "నేను ఉన్నాను కదా అంకుల్... నేనుండగా నాన్న చావాలనుకున్నాడా?"

నాకు తెలియదన్నాను.

పోయినేడు జులైలో టెస్సా మళ్ళీ వచ్చింది. ఇరవై ఆరేళ్ళ మనిషి, తండ్రి భుజాలు, తండ్రి మొండితనం. వెనక ట్రాలీ మీద ఇంకో షెవెల్ ఉంది. డ్వేన్ విడిభాగాల కోసమని కొట్టంలో పడేసిన బండి అది. నాలుగేళ్ళుగా ఒమాహాలో తనే బాగుచేసుకుంటోందట. చేతిలో ఒక అట్టపెట్టె.

"మిగతా పనంతా అయిపోయింది, నార్బ్ అంకుల్. ఈ రెండూ మీరే బిగించాలి," అంది.

పెట్టెలో డ్వేన్ కంప్యూటర్లు. ఇంజన్‌దీ, గేర్లదీ. సీటు కింద ఉన్నాయి కాబట్టి నలగలేదు.

"పాతవమ్మా ఇవి. కొత్తవి తెప్పిస్తాను."

"పనిచేస్తున్నాయి. చూశాను."

"అచ్చిరాలేదే అవి..."

"ఎవరికి? మా నాన్నకా, మీకా?" అని నవ్వింది. నేనూ నవ్వాను. నా నవ్వు నాకే ఎబ్బెట్టుగా వినపడింది.

ఆ ఇంజన్ కంప్యూటర్ డబ్బా గురించి ఒక మాట చెప్పాలి. దానికి కరెంటు అందిన ప్రతిసారీ కొత్త పేజీ తెరిచి రాసుకుంటుంది — ఇంజన్ ఎంత తిరిగింది, పెడల్ ఎంత తొక్కారు, అన్నీ. అరవై ఏడు మోడల్ బండిలో అలాంటిది ఉంటుందని షెరీఫ్ మనుషులకు తోచలేదు. నాకు తెలుసు. టెస్సా తెచ్చిన పెట్టె నా షెడ్డులో ఉన్న ఆ వారమంతా ఒక రాత్రి కూడా నిద్ర లేదు. ఒకసారి లాప్‌టాప్ తగిలించి మొత్తం తుడిచేద్దామని కూర్చున్నాను కూడా. చెయ్యి ఆడలేదు. తెల్లారేదాకా ఆ డబ్బా వైపు చూస్తూ కూర్చున్నాను.

చివరి రోజు ఎర్త్ వైరు బిగిస్తున్నాను. రెండు కంప్యూటర్లకీ కలిపి ఇంజన్ వెనక రేకుకి ఒకే బోల్టు. గరుకు కాగితం తీసుకుని, ఆ పిల్ల ముచ్చటపడి వేయించిన నీలం రంగుని తెల్లటి ఇనుము తేలేదాకా గీకాను. గీకిందే గీకాను.

"అంత గీకాలా అంకుల్? రంగు పాడైపోదూ?"

"రంగు మీద బిగిస్తే ఎర్త్ పట్టదమ్మా. షెడ్డులో బాగానే నడుస్తుంది. పెద్ద గతుకు తగిలిందంటే వదిలేస్తుంది. కంప్యూటర్లు రెండూ ఒక్కసారే చచ్చిపోతాయి."

"సెల్ఫ్ కూడానా?"

"సెల్ఫ్‌కి ఎర్త్ వేరు. అది తిరుగుతూనే ఉంటుంది. ఇంజనే అందుకోదు."

వంగి ఆ గీకిన చోటు చూసింది. తర్వాత మెల్లగా అడిగింది. "మీరు అందరికీ ఇలాగే గీకుతారా?"

"...అందరికీ."

నేను తలెత్తలేదు.

ఆ సాయంత్రం బండి ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. చీకటి పడుతుండగా టెస్సా పక్క తలుపు తెరిచింది.

"పదండి. మీ దెయ్యాన్ని చూపించండి."

వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. ఎక్కాను. గేర్లు వెన్నలా పడుతున్నాయి. ఒకటి... రెండు... మూడు. నా పని కుదిరింది. రోడ్డుకి రెండు పక్కలా మొక్కజొన్న గోడలు. తుప్పు బోర్డు దాటాం. పట్టాల గతుకు తగిలింది — తలుపు పిడి పట్టేసుకున్నాను. ఇంజన్ ఆగలేదు.

టెస్సానే ఆపింది. సరిగ్గా పట్టాల మీద. తాళం తిప్పేసింది. దీపాలు ఆరిపోయాయి.

కీచురాళ్ళ మోత తప్ప ఏమీ లేదు.

"టెస్సా... పట్టాల మీద ఆపావు."

"తెలుసు."

"పది గంటల రైలు..."

"తెలుసు. ఇంకా టైముంది. కథ చెప్పండి."

చెప్పాను. పదకొండేళ్ళు చెప్పిన నోరు కదా, దానంతటదే చెప్పేసింది. ర్ర్ర్ర్... ఆగడం... మళ్ళీ... తొమ్మిదిసార్లు.

"ఎప్పటినుంచి వింటున్నారు?"

"మీ నాన్నని పూడ్చిపెట్టిన వారం నుంచి."

"తొమ్మిదేనా? ఎనిమిదో పదో కాదా?"

"తొమ్మిదే."

సీటు కిందనుంచి లాప్‌టాప్ తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆ వెలుతురులో తన మొహం డ్వేన్ మొహంలా కనిపించింది. డబ్బాలో ఉన్నదంతా తను ఎప్పుడో చదివేసిందట. నా దగ్గరికి తేకముందే.

"ఆ రాత్రి ఇందులో తొమ్మిది చిన్న పేజీలు ఉన్నాయి," అంది, గుసగుసగా. "ఒక్కోటి మూడు సెకన్లు, నాలుగు సెకన్లు. సెల్ఫ్ కొట్టాడు. పెడల్ తొక్కాడు. కరెంటు పోయింది. మళ్ళీ కొట్టాడు. తొమ్మిదో దాంట్లో ఇంజన్ అందుకుంది అంకుల్... అర సెకను."

నేను కిటికీ వైపు తిరిగాను.

"ఇది ఎవరికీ చూపించలేదు నేను. షెరీఫ్ చూడలేదు. ఊళ్ళో ఒక్కరికి తెలియదు." ఇటు తిరిగింది. "తొమ్మిది అని మీకెలా తెలుసు?"

పడమటి వైపు మొక్కజొన్న చివర్లు తెల్లబడుతున్నాయి. దూరంగా ఒక కూత వినపడింది.

"స్టార్ట్ చెయ్యి, టెస్సా."

"ఎలా తెలుసు?"

"రైలొస్తోంది... స్టార్ట్ చెయ్యమ్మా!"

"మా నాన్నకి కూడా వచ్చింది. ఎలా తెలుసు?"

వెలుతురు చేలోకి దిగింది. పట్టాలు సన్నగా వణకడం అరికాళ్ళకి తెలుస్తోంది. అప్పుడు చెప్పాను. అరిచినట్టే చెప్పాను.

విన్నాను. ఆ రాత్రే విన్నాను, వాడు బతికుండగా. మధ్యాహ్నం మేమిద్దరం పోట్లాడుకున్నాం. "ఒరేయ్, ఆదివారం కార్ల ప్రదర్శన ఉంది, నా రంగు మీద గీత పడిందో చూడు," అన్నాడు వాడు. "పోరా, నీకంటే నీ రంగే ఎక్కువ," అని నేను. ఉడుకుమోత్తనంతో రంగు మీదే ఎర్త్ బిగించేశాను. ప్రదర్శన అయ్యాక గీకొచ్చులే అనుకున్నాను. వాడికి చెప్పకుండా తాళాలు ఇచ్చేశాను. పదిగంటలవేళ చేతులు కడుక్కుంటుంటే గేటు వైపు సెల్ఫ్ వినిపించింది. ఎర్త్ వదిలేసిందని మొదటి సెల్ఫ్‌కే తెలిసిపోయింది నాకు. తెలిసి కూడా కదల్లేదు. కాసేపు చెమటలు పట్టనీ, వాడే నడిచొచ్చి తప్పైందిరా అంటాడు అనుకున్నాను. నవ్వుకుంటూ లెక్కపెట్టాను. చేలు అడ్డం, వాడికి రైలు కనపడదని... అది తట్టలేదు నాకు. తొమ్మిది దాకా లెక్కపెట్టాను.

టెస్సా తాళం తిప్పింది. ఒక్క సెల్ఫ్. బండి ముందుకి దూకింది. మా వెనక ధాన్యం రైలు గోడలా వచ్చి పడింది... పెట్టె తర్వాత పెట్టె... ఎంతసేపు పోయిందో తెలియదు.

మోత తగ్గాక చూస్తే తను స్టీరింగ్ మీద తల వాల్చి ఏడుస్తోంది. చిన్నపిల్లలా, నోరు తెరిచి. ఆ ఏడుపు పదకొండేళ్ళ కిందటిది. అప్పుడే ఏడ్చి అయిపోవలసింది. నేనే దాచిపెట్టాను.

తర్వాత మొహం తుడుచుకుని, నా వైపు చూడకుండానే అంది.

"దిగు, నార్బర్ట్."

దిగాను.

"మా నాన్న తొమ్మిదిసార్లు బతకాలని చూశాడు. ఆ ఒక్క మాట ఊళ్ళో చెప్పి పోతాను. నీ సంగతి నువ్వే చెప్పుకో."

చెప్పుకున్నాను. గోదాము దగ్గర ఒకసారి, చర్చిలో ఒకసారి. ఎవరూ తిట్టలేదు. బల్ల దగ్గర నా పక్క కుర్చీ ఖాళీగా ఉంటోంది, అంతే. దెయ్యం సంగతి తేలిపోయింది కాబట్టి ఇప్పుడు అందరూ రాత్రిపూట కూడా ఆ గేటు మీదుగానే పోతున్నారు. కుర్రజంటలు అక్కడే బళ్ళు ఆపుకుంటున్నారట.

ఇది మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెప్పినా నమ్మరు, నమ్మాల్సిన పనీ లేదు.

దెయ్యం గురించి నేను చెప్పినవన్నీ అబద్ధాలు. పదకొండేళ్ళలో ఆ గేటు దగ్గర ఒక్క రాత్రి కూడా నాకు ఏమీ వినపడలేదు. టెస్సా వెళ్ళిన మూడో రాత్రి... వినపడింది.

ర్ర్ర్ర్... ర్ర్ర్ర్...

ఎవరో ఏడిపిస్తున్నారనుకున్నాను. పోయి చూశాను. పట్టాలు ఖాళీ. మర్నాడు రాత్రి మళ్ళీ. ఆ మర్నాడూ. ఇప్పుడు మొదటి సెల్ఫ్ వినపడగానే టార్చి పట్టుకుని, వాడి పేరు పెట్టి అరుస్తూ, చెప్పులు కూడా లేకుండా పరిగెడతాను. "దిగరా డ్వేన్... దిగిపోరా..." పావు మైలు. అరవై ఏడేళ్ళ కాళ్ళు. ఎంత పరిగెత్తినా ఏడో సెల్ఫ్‌కి తుప్పు బోర్డు దగ్గరికే చేరతాను.

మిగతా రెండూ అక్కడే నిలబడి వింటాను.