గడప లేని చోటు

ఆ శుక్రవారం సాయంత్రం మల్కాజ్‌గిరిలోని ఆ ఇంట్లో గొడవ స్టీలు డబ్బా మూత దగ్గర మొదలైంది.

“ఇది మన మూత కాదు అత్తయ్యా,” అంది సింధూర, మిగిలిన సున్నుండలు డబ్బాలో సర్ది రెండు చేతులా నొక్కుతూ. “అసలు దిగడం లేదు.”

“మన మూతే. నీకు నొక్కడం చేతకాక,” అంది కామేశ్వరమ్మ. అప్పుడే ఆ డబ్బాతో బయటినుంచి వచ్చింది. చెప్పులు సర్దుకునే నెపంతో అటు తిరిగింది.

“పదేళ్ళుగా నొక్కుతున్నాను. పొద్దున్న కూడా ఒక్క వేలితో పడింది.”

“అయితే సాయంత్రానికి పెరిగిందేమో, నీ గొంతులాగే!”

“ఒక మూత కోసం ఎందుకీ రాద్ధాంతం? కొత్త డబ్బా కొనుక్కుందాం,” అన్నాడు అభిరామ్. “అది మా అమ్మ పెట్టిన డబ్బారా!” అని తల్లి, “ఇంట్లో డబ్బాలకేం తక్కువ?” అని భార్య, ఇద్దరూ కలిసి అతని మీద పడ్డారు.

గిన్నెలు తోముతున్న గ్రేసీ తల తిప్పకుండానే, “రోజూ తోమేదాన్ని నేనే కదమ్మా. గీ మూత ఎన్నడూ నా చేతికి రాలే,” అంది. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

సోమవారం పొద్దున్న గ్రేసీ, రెండు వీధుల అవతల కల్పలత ఇంటి వెనక గుమ్మంలో నిలబడి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఉంది. ఇంకా నీళ్ళు ముట్టుకోనే లేదు.

కల్పలత ప్రైవేట్ డిటెక్టివ్. రాంగోపాల్‌పేట్‌లో ఆమెకు చిన్న ఆఫీసు ఉంది. గ్రేసీ ఆమె ఇంట్లోనూ ఆరేళ్ళుగా పనిచేస్తోంది.

“ఏమైంది గ్రేసీ?”

“సింధూరమ్మ నన్ను రావద్దన్నది మేడం. దొంగ అనలే. ‘కొన్నాళ్ళు రెస్ట్ తీస్కో’ అన్నది. ఇంటి తాళంచెవి మాత్రం అడిగి తీస్కున్నది. బీరువాల ఒంటి దుద్దు పోయిందంట. పదకొండేండ్ల సంది ఆ ఇంట్ల చేస్తున్న. గీ ముచ్చట కాలనీల తెలిస్తే మిగిలిన ఇండ్లు సుత తలుపులేసుకుంటయ్.”

కల్పలత కాఫీ గ్లాసు పక్కన పెట్టింది. “నువ్వు తీసినవా?”

“లే.”

“అయితే లోపలికి రా, పని షురూ చెయ్యి. మా ఇంటి తాళంచెవి నీ దగ్గర్నే ఉండనియ్యి.”

ఆ మధ్యాహ్నం కల్పలత, దుద్దు సంగతి తేల్చిపెడతానని సింధూరకి ఫోన్ చేసి, తన సహాయకుడు హరికిషన్‌ని వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్ళింది. ముప్పై ఏళ్ళు సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యాక ఆమె దగ్గర చేరిన మనిషి. ఎవరు ఏ స్టాపులో దిగుతారో మొహం చూసి చెప్పగలనని అతనికి గర్వం. ఎందుకు దిగుతారో కూడా మేడం చెప్పగలదని అతని నమ్మకం.

కామేశ్వరమ్మ నిద్రపోతోంది. సింధూర ఆ గది తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వచ్చింది.

“మెల్లగా మాట్లాడండి. దుద్దు పోయిన సంగతి అత్తయ్యకి చెప్పలేదు. వాళ్ళమ్మగారి గుర్తు అది. తెలిస్తే తట్టుకోలేరు. గ్రేసీ సెలవు పెట్టిందని చెప్పాను.”

“ఒంటి దుద్దేందమ్మా? రెండోది యాడికి పోయింది?” అన్నాడు హరికిషన్.

“రెండోది చిన్నత్తయ్య దగ్గరుంది. అత్తయ్య చెల్లెలు, కుసుమకుమారిగారు. చిక్కడపల్లిలో ఉంటారు. వాళ్ళమ్మ పోయినప్పుడు ఆ ఎర్రరాళ్ళ దుద్దుల దగ్గర మాటా మాటా పెరిగింది. చెరొకటీ తీసుకున్నారు. ‘నీ గడప నేను తొక్కను, నా గడప నువ్వు తొక్కకు’ అని వచ్చేశారు అత్తయ్య. పద్నాలుగేళ్ళయింది.”

“బీరువాలో ఇంకేమున్నయ్?” అంది కల్పలత.

“నా గాజులు, గొలుసు. వాటి పక్కనే ఉండేది దుద్దు. శనివారం పెళ్ళికి వెళ్దామని తెరిస్తే అదొక్కటే లేదు.”

“తాళాలు?”

“వంటింట్లో మేకుకి. ఎవరికైనా అందుతాయి.”

“మీ అత్తయ్యగారు బయటికి పోతరా?”

“శుక్రవారం శుక్రవారం మెట్రోలో సికింద్రాబాదు అమ్మవారి గుడికి వెళ్తారు. ఆ మెట్రో కార్డు కూడా పాడైనట్టుంది, చూడండి.” సింధూర ఫోనులో కార్డు లెక్క చూపించింది. లోపలికి మెట్టుగూడ, నాలుగూ పది. బయటికి మెట్టుగూడ, ఐదూ నలభై. మూడు నెలలుగా ప్రతి శుక్రవారం అంతే. “మధ్యలో గుడి దగ్గర స్టేషన్‌లో దిగినట్టే లేదు. ఈ ఇంట్లో ఏదీ సరిగ్గా లేదండీ, ఆఖరికి డబ్బా మూత కూడా.”

కల్పలత ఆ డబ్బా అడిగి తెప్పించుకుంది. అడుగున చుక్కలు చుక్కలుగా తేదీ కొట్టించి ఉంది: 12-5-1974. మూత తిరగేసింది. అక్కడ అరిగిపోయిన మరో తేదీ: 3-2-1979.

“అత్తయ్యగారి పెళ్ళెప్పుడు?”

“డెబ్భై నాలుగులో. ఎందుకండీ?”

“ఊరికే.”

వీధిలోకి వచ్చాక హరికిషన్ ఆగలేకపోయాడు. “దొంగకు దిమాక్ లేదా మేడం? గాజులు ఇడిసిపెట్టి ఒంటి దుద్దు ఎత్కపోతడా?”

“ఒంటి దుద్దు ఎవరికి పనికొస్తది హరన్నా?”

అతను నాలుగడుగులు ఆలోచించాడు. “రెండోది ఉన్నోళ్ళకు.”

“ఇంకొకటి చెప్పు. మెట్టుగూడల ఎక్కినామె, చిక్కడపల్లిల ఎక్కినామె, ఇద్దరూ గేటు దాటకుండ యాడ కలుస్తరు?”

“పరేడ్ గ్రౌండ్ స్టేషన్ల!” అన్నాడు కండక్టరు గొంతుతో. పక్కన పోతున్న ఆటో ఆగింది.

శుక్రవారం నాలుగున్నరకి వాళ్ళిద్దరూ పరేడ్ గ్రౌండ్ స్టేషన్‌లో, రెండు లైన్ల మధ్య జనం రైలు మారే పొడవైన నడవలో నిలబడ్డారు. కింద రోడ్డు మీద హారన్లు, దూరంగా మైదానం పచ్చదనం. జనం ఒక రైలు దిగి ఇంకో రైలు కోసం పరుగెడుతున్నారు. పరుగెత్తనిది ఒక్క కామేశ్వరమ్మే. ఎస్కలేటర్ మొదట్లో నిలబడి, వెనక బెదిరిపోతున్న ఒక సన్నటి ముసలావిడకి చెయ్యి అందిస్తోంది.

“మెట్లు చూడకు కుసుమా. నా చెయ్యి చూడు.”

“పడేస్తావేమోనే అక్కయ్యా!”

“మూణ్ణెల్లయింది. ఒక్కసారైనా పడేశానా?”

పైకి చేరాక ఇద్దరూ గోడవార బెంచీ మీద కూర్చున్నారు. కుసుమకుమారి జేబురుమాలు విప్పింది. అందులో రెండు ఎర్రరాళ్ళ దుద్దులు ఉన్నాయి.

“నా డబ్బాలో సున్నుండల అడుగున దుద్దు పెట్టి పంపుతావా? మనవరాలు కొరికుంటే పన్ను ఊడేది!”

“చేతికిస్తే తీసుకోవు కదా.”

“తీసుకోను. అందుకే రెండూ నువ్వే ఉంచు. ఇదిగో, నీ మూత. డబ్బాలు సర్దే కంగారులో నాది పట్టుకుపోయావు.”

కల్పలత వెళ్ళి కామేశ్వరమ్మ పక్కన కూర్చుంది. “పెద్దమ్మా, నేను కల్పలతను, గ్రేసీ మా ఇంట్ల కూడ పనిచేస్తది. ఆమె సెలవు పెట్టలేదు. ఆ దుద్దు పోయిందని మీ కోడలు పంపేసింది.”

మూత పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. “నా మూలంగానా?” అంది కామేశ్వరమ్మ. రైలు ఒకటి వచ్చి వెళ్ళింది. “ఇప్పుడే ఫోన్ చేసి చెప్పెయ్యొచ్చు. కానీ పదకొండేళ్ళు చేసిన మనిషి. అందరి ముందూ తేలాలి. ఆదివారం భోజనానికి రామ్మా. గ్రేసీని నువ్వే పిలు. జరిగింది నువ్వే చెప్పు. చివర్లో మాత్రం నన్ను మాట్లాడనియ్యి.”

ఆదివారం అందరూ బల్ల చుట్టూ చేరారు. గ్రేసీ కుర్చీలో కూర్చోలేదు, గోడకి ఆనుకుని నిలబడింది.

“బీరువా తెరిచింది దొంగ అయితే గాజులు మిగిలేవి కావు,” అంది కల్పలత. “ఒంటి దుద్దు విలువ తెలిసింది ఇద్దరికే. వాళ్ళలో ఒకరు ఈ ఇంట్లనే ఉన్నరు. కార్డు పాడు కాలేదు సింధూరగారూ. మీ అత్తయ్య గుడికి పోలేదు. మధ్యల ఏ స్టేషన్లనూ గేటు దాటలేదు. ఇక మూత. వాళ్ళమ్మ ఇద్దరు కూతుళ్ళకూ డబ్బాలు పెట్టి పెండ్లి తేదీలు కొట్టించింది. డెబ్భై నాలుగు పెద్దామె డబ్బా. డెబ్భై తొమ్మిది మూత ఎవరిదై ఉంటది? దుద్దు మాయమైన వారంలనే చెల్లెలి మూత ఈ ఇంటికి వచ్చింది. గీ మూత మనది కాదని గ్రేసీ ఆ రోజే చెప్పింది. ఎవరూ వినలే.”

అభిరామ్ తల్లి వైపు చూశాడు. “పిన్నిని కలుస్తున్నావా? చెప్తే మేం వద్దంటామా అమ్మా?”

“వద్దంటారని కాదురా. ఒకరోజు గుడి స్టేషన్ దాటిపోయి, పరేడ్ గ్రౌండ్‌లో రైలు దిగాను. ఒకావిడ ఎస్కలేటర్ ఎక్కలేక నిలబడి ఉంది, ఎవరో అనుకుని చెయ్యిచ్చాను. చూస్తే కుసుమ. ఆ చోటికి గడప లేదు కదా, మాట తప్పినట్టు కాదులే అనుకున్నాం ఇద్దరం. నలుగురికీ చెప్పాక మాట వెనక్కి తీసుకోడానికి సిగ్గు.” ఆవిడ గోడ వైపు చూసింది. “నా సిగ్గు గ్రేసీ నెత్తిన పడింది.”

సింధూర లేచి తాళంచెవి గ్రేసీ ముందు పట్టుకుంది. “తప్పయింది గ్రేసీ.”

గ్రేసీ చెయ్యి చాపలేదు. “దొంగ అని మొఖం మీదన్నా అంటే బాగుండు అమ్మా. కొట్లాడేదాన్ని. రెస్ట్ తీస్కో అంటే ఏమని కొట్లాడాలె?”

సింధూర కళ్ళు దించుకుంది. చెయ్యి మాత్రం దించలేదు. చివరికి గ్రేసీయే తాళంచెవి తీసుకుని కొంగున ముడి వేసుకుంది. హరికిషన్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

కామేశ్వరమ్మ తన పక్క కుర్చీ లాగింది. “కూర్చో. నువ్వు కూర్చుంటే గానీ నేను చెప్పను.”

గ్రేసీ కుర్చీ అంచున కూర్చుంది.

“గడప తొక్కనన్నది నేను. తొక్కాల్సిందీ నేనే. ఈ శుక్రవారం చెల్లెలింటికి వెళ్తున్నాను. రెండు దుద్దులూ నా చేత్తో దాని చెవులకి పెడతాను. గ్రేసీ నాతో రావాలి. వాటి కోసం ఎవరు తల దించుకోవాల్సి వచ్చిందో అదీ కళ్ళారా చూడాలి.”

గ్రేసీ కంచంలో అన్నం కలుపుతూ ఆలోచించింది. “శుక్రవారం అన్ని ఇండ్లల్ల కడుగుడు ఉంటది. నాకు కుదరదు. శనివారమైతే వస్త.”

కామేశ్వరమ్మ నెయ్యి గిన్నె అందుకుని ముందు గ్రేసీకి వడ్డించింది.

“అభీ, పిన్నికి ఫోన్ చెయ్యి. శుక్రవారం కాదు, శనివారం అని చెప్పు. ఇద్దరం వస్తున్నామని చెప్పు.”