లైటు చెప్పిన అబద్ధం

"ముందు నుంచి లైటు బాగానే కనపడతాంది. వెనక?" అంటూ సమీరా రోబో చుట్టూ తిరిగింది.

కడపలో కాలేజీ జట్ల రోబో కుస్తీ పోటీలు. తనిఖీ పని సమీరాది. అన్సార్‌ది కర్నూలు జట్టు. పోయినేడాది ఇదే బల్ల దగ్గర, లైటు ఒక పక్క కనపడలేదని అతని రోబోను వెనక్కి పంపేసింది. ఆ కోపంతో మొదలైన ఫోను పోట్లాట ఏడాదైనా తెగలేదు. తెగకూడదనే అన్సార్ అల్లాకు చేసే దువా కూడా.

"నాలుగు పక్కలా కనపడతాంది. రోబో పెట్టె తెరిచి చూసేదా?"

అన్సార్ చూపు తిప్పుకున్నాడు. "నీ ఇష్టం."

"వద్దులే. నీ పని నాకు తెలీదా!" నవ్వుతూ సంతకం పెట్టేసింది.

ఆ నమ్మకమే అతన్ని కాల్చేసింది. మెయిన్ స్విచ్ వేస్తేనే ఎర్ర లైటు వెలగాలని రూలు. ఆరిందంటే రోబోలో కరెంటు లేదని నమ్మి మనుషులు చెయ్యి పెడతారు. పొద్దున వైరు తెగితే, టైము లేక, అన్సార్ ఆ లైటుకు విడిగా ఓ చిన్న బ్యాటరీ తగిలించాడు. అది ఎప్పుడు ఆరుతుందో అల్లాకే ఎరుక.

ఫైనల్‌కు పిలిచారు. రోబోలు చిక్కుకుంటే విడదీయడానికి గ్లౌజులు తొడుక్కుని బరిలోకి దిగింది ఎవరో కాదు, సమీరాయే!

రెఫరీ విజిల్ నోట్లో పెట్టుకున్నాడు.

"ఆపండి సార్!" అన్సార్ బరిలోకి దూకాడు. "మా లైటును నమ్మొద్దండి. దానికి వేరే బ్యాటరీ పెట్టినా!"

జట్టులోని బసవన్న అతని చొక్కా పట్టుకుని లాగాడు. "ఏమప్పా, పిచ్చి పట్టిందా నీకు? ఫైనలప్పా ఇది!"

సమీరా పెట్టె తెరిచింది. ఆమె ముఖం కందగడ్డయింది.

"నమ్మి సంతకం పెట్టినా కదా! నా కండ్లల్లోనే దుమ్ము కొడతావా?"

"కొట్టినా. తప్పే. అది ఆరితే నువ్వు చెయ్యి పెడతావు. కప్పు పోతే పోనీ. నీకేమన్నా అయితే నేను బతకలేను, సమీరా."

అంతమంది ముందు అనేశాడు. ఆమె కాగితం మీద తన సంతకం కొట్టేసింది. కర్నూలు జట్టు ఔట్.

సాయంత్రం బస్టాండులో అన్సార్ తల వంచుకుని ఒంటరిగా నిలబడ్డాడు. బసవన్న కోపంతో ముందు బస్సుకే వెళ్లిపోయాడు. ఇంతలో పక్కకు ఎవరో వచ్చారు. తలెత్తితే సమీరా.

"నీ గురించి ఈ పొద్దు మా అబ్బాకు చెప్తాండా."

"మోసగాడనా?"

"ఆ, ముందు అదే చెప్తా. నాకోసం ఫైనల్ పోగొట్టుకున్నాడని తర్వాత చెప్తా." చున్నీతో కళ్లు తుడుచుకుంది. "మిగిలింది ఆదివారం మీ అమ్మను మా ఇంటికి పిల్చుకొనొచ్చి నువ్వే చెప్పుకో."